యోగా టీచర్‌కి శిక్షణ ఉండాలా, సొంత సాధన ఉంటే చాలా?

తెల్లవారుజాము:
అందరికీ నమస్కారం. మా అమ్మకి అరవై దాటాయి. బీపీ ఉంది, మాత్రలు వాడుతోంది. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. యోగా నేర్చుకుంటానని తనే అడిగింది. నాకు చాలా సంతోషం వేసింది. మాకు అందుబాటులో రెండు క్లాసులున్నాయి. ఒకచోట నేర్పే ఆయన చాలా ఏళ్లుగా సొంతంగా సాధన చేస్తున్నారు. ఎంత కష్టమైన ఆసనమైనా అవలీలగా వేస్తారు. ఎక్కడా పద్ధతిగా నేర్చుకున్నది మాత్రం లేదు, పుస్తకాలు, వీడియోలు చూసి పట్టుకున్నారు. రెండోచోట నేర్పే ఆవిడ కోర్సు చేసి, పరీక్ష రాసి వచ్చారు. ఆవిడ క్లాసు చాలా నెమ్మదిగా ఉంది. మొదటి రోజు ఒక్క ఆసనం కూడా వేయించకుండా, ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడుగుతూనే కూర్చున్నారట. అమ్మకి అది నచ్చలేదు. "ఆయన దగ్గరైతే తొందరగా వస్తుంది" అంటోంది.

నాకేమో ఎటూ తేల్చుకోలేని పరిస్థితి. శిక్షణ అన్నది నిజంగా అంత ముఖ్యమా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు:
నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సర్టిఫికెట్‌కీ నేర్పడానికీ సంబంధం లేదు. కొన్ని వారాల కోర్సు చేసి బయటికొచ్చి ఆ మర్నాడే "మాస్టర్" అని పేరు ముందు పెట్టుకునేవాళ్లని చూస్తున్నాం. పూర్వం ఎవరికి సర్టిఫికెట్లున్నాయి? ఏళ్ల తరబడి రోజూ సాధన చేసిన మనిషికి తన ఒంటి గురించి తెలిసినంత, కోర్సు చేసినవాళ్లకి తెలుస్తుందా? నేనైతే ఆయన దగ్గరికే పంపుతాను.

ఎముకలూ_కీళ్లూ:
మాస్టారూ, మీ మాటలోనే అసలు విషయం ఉంది. ఏళ్ల సాధన వల్ల ఆయనకి *తన* ఒంటి గురించి తెలుస్తుంది. తెల్లవారుజాము గారి అమ్మగారి ఒంటి గురించి ఎలా తెలుస్తుంది?

నేను ఫిజియోథెరపిస్టుని. యోగా వల్ల నడుము నొప్పి తగ్గినవాళ్లని చూస్తుంటాను. యోగా చేయబోయి నడుము పట్టేసి నా దగ్గరికి వచ్చేవాళ్లనీ చూస్తుంటాను. చాలాసార్లు ఈ ఇద్దరూ చేసినవి అవే ఆసనాలు. ఆ ఆసనం ఆ మనిషికి ఇప్పుడు ఇవ్వవచ్చా, ఆగాలా అని చూసినవాళ్లు ఒకరికి ఉన్నారు, ఇంకొకరికి లేరు. తేడా అక్కడే వస్తోంది.

ఆవిడ మొదటి రోజు ప్రశ్నలతో గడిపేశారని అమ్మగారికి చిరాకు వచ్చిందన్నారు. నాకు మాత్రం ఆ ఒక్క మాట వినగానే ధైర్యం కలిగింది. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

బీపీ ఉన్నవాళ్లకి ఊపిరి బిగబట్టి ఉంచే కుంభకం, వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతి ఇవ్వకూడదు. తల కిందికి ఉండే ఆసనాల్లోనూ జాగ్రత్త కావాలి. గ్లాకోమా, అంటే నీటికాసులు ఉన్నవాళ్లకి తలకిందుల ఆసనాలు అసలు పనికిరావు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుందని కంటి డాక్టర్లు కొలిచి చూశారు. శీర్షాసనమే కాదు, రెండు చేతులూ నేల మీద ఆనించి నడుము పైకి లేపే అధోముఖ శ్వానాసనంలో కూడా ఆ ఒత్తిడి పెరుగుతుంది. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లూ వీటికి దూరంగా ఉండాలి. అందులోనూ ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో పొద్దున్నే గంటసేపు చేస్తే షుగర్ పడిపోవచ్చు. "యోగా ఖాళీ కడుపుతో చేయాలి" అని అందరికీ ఒకే మాట చెప్పేసే టీచర్‌కి ఈ సంగతి తెలియకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇక ఎముకలు గుల్లబారడం. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఇది బాగా ఎక్కువ. చాలామందికి ఉన్నట్టే తెలియదు, ఏదో ఒక ఎముక విరిగాకే బయటపడుతుంది. అలాంటివాళ్లు పశ్చిమోత్తానాసనంలో నడుము గూనిలా వంచి, చేత్తో పాదాలు పట్టుకుని లాగితే వెన్నుపూస ముందుభాగం మీద బరువు పడుతుంది. పూస నలిగిపోవచ్చు. అదే మనిషికి వెన్ను నిటారుగా ఉంచి, కొద్దిగా వెనక్కి చాచే తేలికపాటి భుజంగాసనం మేలు చేయవచ్చు. యోగా మంచిదా చెడ్డదా అని కాదు, ఎవరికి ఏది అన్నది చూసుకోవాలి.

ఇంకో సంగతి. అడిగినా జనం చెప్పరు. "బీపీ ఉందా?" అంటే "లేదండి" అంటారు. "మాత్రలేమైనా వేసుకుంటున్నారా?" అంటే "ఆ, బీపీ మాత్ర" అంటారు. మాత్ర వేసుకుంటే బీపీ లేనట్టే అని వాళ్ల లెక్క. అడగడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

వెన్నెలబాట:
పై పోస్టు చదివాక నా అనుభవం రాయాలనిపించింది. నేను మొదట చేరిన చోట ముప్పై నలభై మంది ఉండేవాళ్లం. నేర్పే ఆయన ముందు నిలబడి తన సాధన తాను చేసుకుపోయేవారు, మేం చూసి చేసేవాళ్లం. నాకు పద్మాసనం పడేది కాదు. "నొప్పి ఉంటేనే దారికొస్తుంది, లాగండి" అన్నారు. చేత్తో పాదం లాగి తొడ మీద పెట్టుకునేదాన్ని. కొన్నాళ్లకి మోకాలి లోపలివైపు నొప్పి మొదలైంది. మెట్లు దిగాలంటే భయం పట్టుకుంది. డాక్టర్ స్కాన్ తీయించి మెనిస్కస్, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చిరిగిందన్నారు.

ఆ తరవాత చేరిన టీచర్ మొదట నా తుంటి ఎంతవరకు తిరుగుతుందో చూశారు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, తొడని నెమ్మదిగా బయటికి తిప్పి చూసి, "మీ తుంటి ఇక్కడిదాకే వస్తోంది. ఇప్పుడు పద్మాసనం వద్దు. సుఖాసనంలో కూర్చోండి, కింద మందంగా దుప్పటి వేసుకోండి" అన్నారు. ఆ పరీక్షకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అదే ముందే ఎవరైనా చేసి ఉంటే నా మోకాలు బాగుండేది కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఎముకలూ_కీళ్లూ:
వెన్నెలబాట గారూ, చాలా బాధాకరం. మిగతావాళ్ల కోసం ఒక్కమాట. మోకాలు ప్రధానంగా ముడుచుకుని చాచుకునే కీలు. పక్కలకి మెలితిరగడానికి దానికి పెద్దగా వీలుండదు. పద్మాసనానికి కావలసిన తిప్పు తుంటి కీలు దగ్గర రావాలి. తుంటి బిగుసుకుని ఉంటే, పాదం పట్టి లాగినప్పుడు ఆ మెలిక మొత్తం మోకాలి మీద పడుతుంది. మోకాల్లో నొప్పి వస్తోందంటే అక్కడే ఆపేయాలి, లాగితే అది దారికి రాదు. కండరం సాగుతున్నప్పుడు వచ్చే లాగుడు వేరు, కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి వేరు. ఈ రెండింటికీ తేడా చెప్పలేని మనిషి చేతికి మోకాలు అప్పగించకూడదు.

గురుముఖం:
మాస్టారు గారు "పూర్వం ఎవరికి సర్టిఫికెట్లున్నాయి" అన్నారు. నిజమే, కాగితం లేదు. కానీ శిక్షణ లేదనుకోవడం సరికాదు నాయనా. ఇప్పటి కోర్సుల కంటే ఎక్కువే ఉండేది. గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉండాలి. ఆయన సరే అన్నాకే తరవాతి మెట్టు. ఆయన అనుమతి ఇచ్చేదాకా ఇంకొకరికి నేర్పకూడదు.

15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో ప్రాణాయామం గురించి ఒక శ్లోకం ఉంది. సింహాన్ని, ఏనుగుని, పులిని ఎలాగైతే మెల్లమెల్లగా మచ్చిక చేసుకుంటామో, ప్రాణవాయువుని కూడా అలాగే వశం చేసుకోవాలట. లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందట. వెంటనే మరో శ్లోకంలో, సరైన ప్రాణాయామం వల్ల రోగాలు పోతాయి, తప్పుగా చేస్తే రోగాలు పుడతాయి అంటాడు. ఏ రోగాలో కూడా చెప్పాడు. ఎక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తలనొప్పి, చెవినొప్పి, కళ్ల నొప్పి. యోగాన్ని పాడుచేసే ఆరింటిలో అతిగా శ్రమపడటాన్ని కూడా చేర్చాడు. అంటే "యోగా వల్ల దెబ్బలేమిటి, అది సహజమైనది కదా" అన్న మాట మన శాస్త్రానికే విరుద్ధం.

కృష్ణమాచార్యుల సంగతి చూడండి. 1888లో పుట్టి నూరేళ్లు బతికిన మహానుభావుడు. పట్టాభి జోయిస్, బి.కె.ఎస్. అయ్యంగార్, దేశికాచార్ ముగ్గురూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ముగ్గురి పద్ధతులూ మూడు రకాలు. ఒకరిది చెమటలు పట్టించే వరస. ఒకరిది ఒక్కో ఆసనాన్ని అంగుళం అంగుళం సరిదిద్దే పద్ధతి. ఒకరిది మనిషిని బట్టి మార్చి ఇచ్చే పద్ధతి. ఒకే గురువు నుంచి ఇన్ని దారులు వచ్చాయంటే, ఎదుట ఉన్నది ఎవరు, వయసెంత, ఒళ్లెలాంటిది అని చూసి నేర్పారు కాబట్టే.

లెక్కలమాస్టారు:
గురుముఖం గారూ, మీరు చెప్పింది నాకు నచ్చింది. కానీ మీరు చెప్పిన ఏళ్ల గురుకులానికీ ఇప్పుడు అమ్ముడవుతున్న కోర్సులకీ పొంతన ఏముంది? "200 గంటలు" అని పెద్ద అక్షరాలతో ప్రకటనలు. ఆ గంటల్లో మీరు చెప్పినదంతా వస్తుందా? రాదని మీకూ తెలుసు. నా అభ్యంతరం శిక్షణ మీద కాదు, శిక్షణ పేరుతో అమ్ముతున్న కాగితం మీద. పైగా డబ్బున్నవాళ్లే కోర్సు చేయగలరు. నిజంగా సాధన ఉన్న పేదవాడు టీచర్ కాకుండా పోతున్నాడు.

నిదానం:
నేను యోగా టీచర్‌ని. మాస్టారి ప్రశ్న న్యాయమైనది కాబట్టి దానికి జవాబు కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఈ కాగితాల సంగతి. అందరూ ఒకే గాటన కట్టేస్తారు గానీ అవన్నీ ఒకటి కాదు. యోగా అలయన్స్ అన్నది 1999లో అమెరికాలో మొదలైంది. 200 గంటల లెక్క ప్రపంచమంతా పాకడానికి అదే ముఖ్య కారణం. అది స్కూళ్లనీ టీచర్లనీ నమోదు చేసుకునే సంస్థ. ఒక్కో టీచర్‌నీ ఎదుట నిలబెట్టి పరీక్ష పెట్టే సంస్థ కాదు. కాబట్టి ఆ 200 గంటలు ఎలా గడిచాయన్నది పూర్తిగా నేర్పిన స్కూలు మీదే ఆధారపడుతుంది. మన దేశంలో 2018లో ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఏర్పడింది. ఇక్కడ రాతపరీక్షతో పాటు ప్రాక్టికల్ కూడా ఉంటుంది. స్థాయిలున్నాయి. మొదటిది యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, తరవాత యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, ఆ పైన యోగా టీచర్ అండ్ ఎవాల్యుయేటర్, చివరిది యోగా మాస్టర్. రోగాలున్నవాళ్లకి యోగాతో చికిత్సగా చేయించడానికి థెరపిస్టు పరీక్షలు విడిగా ఉన్నాయి. బి.ఎన్.వై.ఎస్. అంటే ఇవేవీ కాదు. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల డిగ్రీ, ప్రకృతి వైద్యం, యోగా కలిపి చదువుతారు. కాబట్టి "సర్టిఫికెట్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి. "ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర, ఎంతకాలం, ఎవరు పరీక్ష పెట్టారు?" అని అడగండి. మంచి టీచర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు. నన్ను అడిగితే నేను సంతోషంగా చెబుతాను.

200 గంటల్లో అన్నీ వస్తాయా అంటే రావు. నిజాయతీగా నేర్పే ఏ గురువూ వస్తాయని చెప్పరు. అయ్యంగార్ పద్ధతిలో అయితే టీచర్ శిక్షణలోకి రావాలంటేనే ముందు కొన్నేళ్లు విద్యార్థిగా ఉండాలి. కానీ మంచి కోర్సులో ఒక ముఖ్యమైన మార్పు జరుగుతుంది. అప్పటిదాకా మనం ఆసనం వేస్తున్నప్పుడు మన ఒంటినే గమనించుకుంటాం. అక్కడ మొదటిసారి ఎదుటివాళ్ల ఒంటిని చూడటం నేర్పిస్తారు. నాకు శిక్షణ ఇచ్చిన గురువుగారు మమ్మల్ని ఆసనం వేయనిచ్చేవారు కాదు, క్లాసులో గోడవారగా నిలబెట్టి, "ఆ చివర ఉన్నావిడని చూడండి. వీరభద్రాసనంలో ముందుకాలి మోకాలు ఎటు వాలుతోంది? ఎందుకు వాలుతోంది? ఏ ఒక్క మాట చెబితే సరవుతుంది?" అని అడిగేవారు. మోకాలు లోపలికి వాలితే నేరుగా "మోకాలు సరిచేయండి" అంటే ఆవిడ ఒళ్లంతా బిగించుకుంటుంది. "మడమ బయటి అంచుని నేలకి నొక్కండి" అంటే మోకాలు దానంతట అదే కాలివేళ్ల దిక్కుకి వస్తుంది. ఇలాంటివి సొంత సాధనలో ఎంత కాలం గడిపినా తట్టవు, ఎందుకంటే మన మోకాలికి ఆ ఇబ్బందే ఉండకపోవచ్చు.

అవలీలగా ఆసనాలు వేసేవాళ్లలో ఒక చిక్కు ఉంటుంది, దాన్ని గౌరవంగానే చెబుతున్నాను. చిన్నప్పటి నుంచీ ఒళ్లు వంగేవాళ్లకి, వంగనివాళ్లకి ఎక్కడ అడ్డుపడుతుందో ఊహకి అందదు. "కొంచెం ప్రయత్నిస్తే వస్తుంది" అంటారు. వాళ్లకి అలాగే వచ్చింది మరి.

డబ్బు విషయంలో మాస్టారితో నేను ఏకీభవిస్తాను. దానికి నా దగ్గర జవాబు లేదు. బోర్డు పరీక్షకి ఫలానా కోర్సే చేసి ఉండాలన్న నిబంధన మొదటి స్థాయిలో లేదు కాబట్టి, సొంతంగా చదువుకుని సాధన చేసినవాళ్లు కూడా పరీక్షకి కూర్చోవచ్చు. తెల్లవారుజాము గారు చెప్పిన ఆయన లాంటివాళ్లు ఆ దారిలో వస్తే యోగాకే మంచిది.

ఊపిరి:
నాదొక సందేహం. నేను వీడియో చూసి కపాలభాతి చేస్తుంటాను. కాసేపటికి తల తేలిపోయినట్టు, వేళ్ల చివర్లు జివ్వుమన్నట్టు అవుతోంది. వీడియో కింద ఎవరో "అది శక్తి మేలుకుంటున్న సూచన, ఆపకండి" అని రాశారు. నిజమా?

ఎముకలూ_కీళ్లూ:
దయచేసి ఆపండి. అది శక్తి కాదు. అవసరానికి మించి వేగంగా ఊపిరి ఊదేస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో మెదడుకి వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి, అందుకే తల తేలిపోతుంది. రక్తంలో ఆమ్ల స్వభావం తగ్గి, నరాలు ఉత్తినే ఉలిక్కిపడే స్థితికి వస్తాయి, అందుకే వేళ్లు జివ్వుమంటాయి. మామూలుగా ఊపిరి తీసుకుంటూ కూర్చుంటే కాసేపటికి సర్దుకుంటుంది. అదే పనిగా కొనసాగిస్తే స్పృహ తప్పి పడిపోవచ్చు కూడా. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఇలా అవుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి.

నిదానం:
ఊపిరి గారూ, మీరు చేస్తున్నది కపాలభాతేనా అన్నది కూడా చూడాలి. అందులో గాలి బయటికి కొట్టడమే మన పని. లోపలికి దానంతట అది రావాలి. పొట్ట లోపలికి వెళ్తే గాలి బయటికి పోవాలి. నేర్చుకోకుండా చేసేవాళ్లలో ఎక్కువమంది రెండువైపులా బలం పెడతారు. అప్పుడది దాదాపు భస్త్రిక అయిపోతుంది. కొందరికైతే పొట్ట తిరగబడి, ఊదేటప్పుడు ముందుకి వస్తుంది. భుజాలు ఎగురుతుంటాయి, ముఖం బిగిసిపోతుంది. ఎదురుగా కూర్చున్న టీచర్ ఒక్క చూపులో ఇవన్నీ పట్టుకుంటారు. వీడియోలో ఉన్న మనిషికి మీరు కనబడరు కదా.

మామూలుగా అయితే నేను కొత్తవాళ్లకి కపాలభాతి మొదట్లో ఇవ్వనే ఇవ్వను. ముందు పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి పెట్టించి ఊపిరి గమనించడం, తరవాత నెమ్మదిగా నాడీశోధన, అంటే ఒక్కో ముక్కురంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీసుకోవడం, అది కూడా కుంభకం లేకుండా. హెర్నియా ఉన్నా, గర్భిణి అయినా, మూర్ఛ వ్యాధి ఉన్నా, పొట్టకి ఆపరేషన్ ఈమధ్యే అయినా కపాలభాతి వద్దు. ఆయుష్ శాఖ తయారుచేసిన కామన్ యోగా ప్రోటోకాల్ పుస్తకంలోనే ఆసనాల దగ్గర, ప్రాణాయామాల దగ్గర ఎవరు చేయకూడదో జాగ్రత్తలు రాసి ఉంటాయి. జూన్ 21న యోగా దినోత్సవం నాడు లక్షలమంది ఒకేసారి చేసేవి అందులోవే. అంత తేలికైన వరసకే జాగ్రత్తలు రాశారంటే, మిగతా వాటికి ఎంత జాగ్రత్త కావాలి?

గజ్జెలు:
ఇక్కడ అందరూ వంగనివాళ్ల గురించే మాట్లాడుతున్నారు. అతిగా వంగేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. నేను చిన్నప్పటి నుంచి నాట్యం చేశాను. ఏ క్లాసుకి వెళ్లినా నన్ను ముందు వరసలో నిలబెట్టి "ఇలా చేయాలి, చూడండి" అనేవాళ్లు. ఇంకా వంగు, ఇంకా చాచు అని ప్రోత్సాహం. పిరుదు కింద, కూర్చునే ఎముక దగ్గర ఒక మొండి నొప్పి పట్టుకుంది. తొడ వెనక కండరం ఎముకకి అతుక్కునే చోట అది అరిగిందన్నారు. కూర్చుంటే నొప్పి, వంగితే నొప్పి, నెలల తరబడి పోలేదు.

ఇప్పుడు నేను వెళ్తున్న టీచర్ ఒక్కరే నన్ను వెనక్కి లాగారు. "నీకు వంగడం రాని చోటు లేదు, నిలబెట్టుకోవడం రాదు. సగం వరకే వెళ్లి అక్కడ కండరం పట్టి ఉంచు, మోచేయి, మోకాలు పూర్తిగా వెనక్కి విరిచేయకు" అన్నారు. క్లాసులో అందరికంటే బాగా చేస్తున్నట్టు కనిపించే మనిషిని ఆపాలని తెలియడానికి చాలా చదువు, చాలా ధైర్యం కావాలి. ఆ టీచర్ అంటే నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను.

సంధ్య_వేళ:
ఆడవాళ్ల తరఫున ఒక విషయం. సరిదిద్దే పేరుతో ఒంటి మీద చెయ్యి వేయడం. చెప్పకుండా వెనక నుంచి వచ్చి నడుము పట్టుకోవడం, వీపు మీద బరువు వేసి నొక్కడం చాలా చోట్ల మామూలైపోయింది. వద్దనడానికి మొహమాటం. గురువు కదా, ఏమనగలం అనుకుంటాం.

బాగా శిక్షణ పొందినవాళ్లు ముందు మాటతో చెబుతారు. దానితో కాకపోతే తాము చేసి చూపిస్తారు. ముట్టుకోవలసి వస్తే అడుగుతారు, "వద్దు" అంటే ముఖం మాడ్చుకోరు. శవాసనంలో కళ్లు మూసుకుంటే గుండె దడ పుట్టేవాళ్లుంటారు, నేనూ వాళ్లలో ఒకదాన్ని. "కళ్లు తెరిచే ఉంచుకోండి, పక్కకి తిరిగి పడుకున్నా పర్లేదు" అని మా టీచర్ అన్నరోజు నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు నాలోనే ఏదో లోపం ఉందనుకునేదాన్ని.

గురుముఖం:
సంధ్య గారు చెప్పింది ప్రతి యోగా టీచరూ చదవాలి. ఇంకొకటి కూడా కలుపుతాను. "మందులు మానేయండి, యోగాతో అన్నీ పోతాయి" అనే మనిషి దగ్గర ఒక్క రోజు కూడా ఉండకండి. మందు రాసింది డాక్టర్, తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరే చెప్పాలి. తన హద్దు ఎక్కడో తెలిసినవాడే గురువు. 1924లో లోనావాలాలో కైవల్యధామ స్థాపించిన స్వామి కువలయానంద గారు యోగక్రియలని ఎక్స్‌రేలతో, కొలతలతో పరీక్షించి మరీ చెప్పారు. నమ్మకం ఉన్నవాడు పరీక్షకి భయపడడు అమ్మా.

లెక్కలమాస్టారు:
గజ్జెలు గారి పోస్టు నన్ను ఆలోచనలో పడేసింది. బాగా చేసేవాణ్ణి ఆపడం అన్నది నేనెప్పుడూ ఊహించని కోణం. కాగితం మీద నా అభిప్రాయం అలాగే ఉంది. కానీ ఎదుటి మనిషిని చూడటం అనే విద్య ఒకటుందనీ, అది సొంత సాధనతో దానంతట అది రాదనీ ఒప్పుకుంటాను. అయితే సామాన్యుడు ఆ విద్య ఉన్నవాళ్లని ఎలా గుర్తుపట్టాలి? అందరూ ప్రశ్నలడగలేరు కదా.

నిదానం:
మంచి ప్రశ్న. చేరకముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడనివ్వమని అడగండి. టీచర్ చూపు ఎటు ఉందో గమనించండి. క్లాసంతా తన ఆసనాలు తాను వేసుకుంటూ గడిపేస్తున్నారా, లేచి మనుషుల మధ్య తిరుగుతున్నారా? ఎవరైనా "నాకు ఇది రావట్లేదు" అంటే ఏం చేస్తున్నారో చూడండి, అది చాలు. "ప్రయత్నించండి" అని వదిలేస్తే ఒక రకం. కుర్చీయో, బెల్టో, దిండో తెచ్చి ఇంకో దారి చూపిస్తే ఇంకో రకం. ఆలస్యంగా వచ్చినవాళ్లని నేరుగా కష్టమైన ఆసనంలోకి దించేస్తున్నారా, చివర శవాసనానికి సమయం ఇస్తున్నారా, ఇవి కూడా చెబుతాయి. నలభైమందికి ఒక్క టీచర్ ఉంటే ఎంత శిక్షణ ఉన్నా అందరినీ చూడటం ఎవరివల్లా కాదు, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

వీడియోల మీద నాకు ద్వేషం లేదు. ఎదుట నేర్చుకున్న దాన్ని ఇంట్లో గుర్తు చేసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి.

తెల్లవారుజాము:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ పోస్టులన్నీ అమ్మకి చదివి వినిపించాను. వెన్నెలబాట గారి మోకాలి సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఆవిడ దగ్గరికే వెళ్దాంలే" అంది. రేపే చేరుతున్నాం. వెళ్లేముందు ఇంకేమైనా జాగ్రత్తలుంటే చెప్పండి.

ఎముకలూ_కీళ్లూ:
చాలా సంతోషం. ఎముకల సాంద్రత పరీక్ష ఇప్పటిదాకా చేయించకపోతే డాక్టర్‌ని ఒకసారి అడగండి. మోకాళ్లకి ఎక్స్‌రే ఉంటే దాని రిపోర్టు తీసుకెళ్లండి. వజ్రాసనంలో ఎక్కువసేపు కూర్చోవద్దు. మోకాళ్ల సంగతే కాదు, మోకాలి పక్కనుంచి వెళ్లే నరం నలిగి పాదం పైకి లేవకుండా పోయిన కేసు 1971లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఆయనా రోజూ గంటల తరబడి అలా కూర్చున్న యోగసాధకుడే. కాలు తిమ్మిరి ఎక్కితే వెంటనే చాచమనండి.

నిదానం:
మందుల చీటీ తీసుకెళ్లండి. ఏ మాత్ర, ఏ పూట వేసుకుంటారో టీచర్‌కి చెప్పండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లలో కొందరికి పడుకుని ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. శవాసనం అయ్యాక అమ్మగారు నేరుగా లేవకూడదు. ముందు కుడిపక్కకి తిరిగి కాసేపు ఉండి, చేతుల మీద బరువు వేసి కూర్చుని, తల తేలికగా లేదని తెలిశాకే నిలబడాలి. మొదటి కొన్నాళ్లు గోడ దగ్గర మ్యాట్ వేసుకోమనండి, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఆసరా ఉంటుంది. నేల మీద కూర్చోవడం కష్టమైతే మొత్తం క్లాసు కుర్చీలో చేయించమని అడగడానికి ఏమాత్రం మొహమాటపడొద్దు.